దుంగల వెంట వచ్చినవి

అండమాన్ అడవికి సొంతమైన పులి లేదు, చిరుత లేదు. ఏనుగు లేదు, జింక లేదు, కోతి లేదు. నేల మీద తిరిగే జంతువుల్లో పెద్దదంటే అడవిపందే. దాని తర్వాత పునుగుపిల్లి, చుంచులు, ఎలుకలు, లెక్కలేనన్ని గబ్బిలాలు. మిగతా అడవంతా పిట్టలది, పాములది, బల్లులది, కప్పలది, పీతలది. ఈ మాట చెబితే మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన చుట్టాలు నమ్మరు. "మరి దారిలో జింకలు కనబడ్డాయి కదా! ఇంటర్‌వ్యూ దీవిలో అడవేనుగులు ఉన్నాయంటారు కదా!" అంటారు. ఉన్నాయి. అవి ఎలా వచ్చాయో చెప్పాలంటే కలప కథ చెప్పాలి, రోడ్డు కథ చెప్పాలి. ఆ రెండు పనుల్లోనూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఓడెక్కి వచ్చిన మావాళ్ళ చెమట ఉంది. 2011 జనగణనలో ఈ దీవుల జనాభాలో నూటికి 13 మంది తమ మాతృభాష తెలుగని రాయించుకున్నారు.

నేను మధ్య అండమాన్‌లో రంగత్ దగ్గర పుట్టాను. బడిలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా నాన్న సోంపేట వైపు నుంచి రోడ్డు పనికి వచ్చినవాడు. ఆయన చెప్పిన మాటలు, నేను చదివిన నివేదికలు, ఈ అడవిలో పనిచేసిన పరిశోధకులు రాసిన పేపర్లు ఒకచోట పెట్టుకుని చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. ఇక్కడ కలప వ్యాపారం, రోడ్డు చేసిన నష్టాన్ని నరికిన చెట్లలో లెక్కపెట్టుకున్నాం, తారు పరిచిన వెడల్పులో లెక్కపెట్టుకున్నాం. వాటి వెంట ఈ దీవుల్లోకి ఏమేం వచ్చాయో లెక్కపెట్టడం చాలా ఆలస్యంగా మొదలుపెట్టాం. ఆ ఆలస్యానికి ఇంకా మూల్యం చెల్లిస్తున్నాం.

1858లో తెల్లవాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టారు. ఖైదీలకు మొదట అప్పగించిన పని అడవి నరకడమే. రెండు రుతుపవనాలూ తాకే నేల ఇది. మే నుంచి డిసెంబరు దాకా వాన, ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు. అంత వానకు పెరిగిన సతతహరితారణ్యం సముద్రపు ఒడ్డు దాకా ఉండేది. 1883లో ఇక్కడ అటవీ శాఖ ఏర్పడింది, అదే ఏడు ఛాతమ్ దీవిలో రంపపు మిల్లు మొదలైంది. ఆ మిల్లు ఈనాటికీ ఉంది. 1942లో జపాన్ విమానాలు దాని మీద బాంబు వేస్తే పడిన గొయ్యిని ఇప్పటికీ చూపిస్తారు. లోపలికి వెళితే పడాక్ పొట్టు వాసన ముక్కుకు తగులుతుంది. పడాక్ అంటే మన ఎర్రచందనానికి, వేగిసకు దగ్గరి చుట్టం. ఒకే ప్రజాతి చెట్లు. కోసిన కొత్తలో నిప్పులాగా ఎర్రగా ఉంటుంది. దానితో చేసిన కుర్చీలు, బల్లలు సముద్రాలు దాటి వెళ్ళాయి. గర్జన్, పపీత, ధూప్, చుగ్లం కూడా కోసేవారు. పపీత మెత్తని కర్ర కాబట్టి అగ్గిపుల్లలకు పోయేది. గర్జన్ పొరలు పొరలుగా ఒలిచి ప్లైవుడ్‌కు వాడేవారు.

చెట్టు కూల్చడం ఒక ఎత్తు, దాన్ని ఒడ్డుకు చేర్చడం మరో ఎత్తు. కొండవాలు మీద బురదలో దుంగ లాగాలంటే ఏనుగే కావాలి. ఈ దీవుల్లో ఏనుగు లేదు గనక ఓడల్లో తెచ్చారు. దుంగను గొలుసుతో కట్టి ఏనుగు కాలవ దాకా లాగేది. అక్కడ తెప్పలు కట్టేవారు. సొంతంగా తేలని బరువు దుంగలకు పక్కన తేలిక దుంగలు జోడించి, ఆటు పోటు చూసుకుని మడ అడవుల మధ్య నుంచి సముద్రంలోకి తీసి, పడవతో ఛాతమ్‌కు ఈడ్చుకెళ్ళేవారు. మనుషులనూ అలాగే తెచ్చారు. 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ ఆదివాసులు వచ్చారు. వాళ్ళను ఇక్కడ ఇప్పటికీ "రాంచీ వాళ్ళు" అనే అంటారు. 1925లో బర్మా నుంచి కరెన్లు వచ్చి మాయాబందర్ దగ్గర వెబీలో ఊరు కట్టుకున్నారు. అడవి పని తెలిసినవాళ్ళు కావాలని సర్కారు పిలిపించింది. ఆ కరెన్ల మనవలూ మునిమనవలే తర్వాత పరిశోధకులకు దారి చూపారు. ఇక్కడ పిట్టల మీద, తాబేళ్ళ మీద, పాముల మీద పనిచేసిన వాళ్ళెవరినడిగినా ముందు తమతో నడిచిన కరెన్ల పేరే చెబుతారు.

అటవీ శాఖవాళ్ళు అడవిని గుడ్డిగా నరికారని అనను. 1930ల తర్వాత చెంగప్ప అనే అధికారి ఒక పద్ధతి తీర్చిదిద్దారు. కూపులో, అంటే నరకడానికి గుర్తుపెట్టిన అడవి ముక్కలో, పెద్ద చెట్లు తీశాక, పైన కమ్ముకున్న కొమ్మల కప్పును కొద్దికొద్దిగా పల్చన చేసి, కింద నేల మీద పడాక్, గర్జన్ మొలకలకు వెలుతురు అందేలా చూడటం. కాగితం మీద చక్కని ఆలోచన. కూపులు నరికినా అడవి తనంతట తాను తిరిగి వస్తుందన్నది దాని ప్రాణం. కాలం గడిచేకొద్దీ సతతహరిత చెట్ల వాటా తగ్గి, వ్యాపారానికి పనికొచ్చే ఆకురాల్చే చెట్ల వాటా పెరిగింది. ఇంకో సంగతి కూడా ఉంది. మొలక బతకాలంటే దాన్ని తినే నోరు ఉండకూడదు. ఆ నోరు అప్పటికే దీవుల్లో దిగింది.

చుక్కల జింకను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెల్లదొరలు వేట కోసం తెచ్చి వదిలారు. వెంటాడే పులి లేదు, రేచుకుక్క లేదు. జింక ఈదగలదు, ఇక్కడ దీవికీ దీవికీ మధ్య చాలాచోట్ల సన్నని పాయలే. కొన్ని దశాబ్దాల్లో ఉత్తర, మధ్య, దక్షిణ అండమాన్ అంతటా పాకింది. 1950ల్లో దాన్ని అదుపు చేయాలని చిరుతలను తెచ్చి వదిలి చూశారు. అవి నిలదొక్కుకోలేదు. ఇక్కడి ఆదివాసులైన జరావాలు సంప్రదాయంగా పందిని వేటాడతారు గానీ జింక జోలికి పోరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకకు దేశమంతటా రక్షణ ఇచ్చింది. ఆ చట్టం శేషాచలం జింకకూ రంగత్ జింకకూ తేడా చూడదు. అక్కడిది ఆ అడవి బిడ్డ, ఇక్కడిది ఓడ దిగి వచ్చింది. ఆ తేడా చట్టంలో ఎక్కడో ఒకచోట రాసి ఉండాల్సింది.

ఏనుగుల కథ ఇంకా బాధాకరం. 1951లో ఉత్తర అండమాన్ అడవులను పి.సి. రే అనే కంపెనీకి లైసెన్సు మీద ఇచ్చారు. ఆ కంపెనీ తన పనికి ఏనుగులను తెచ్చుకుంది. పదేళ్ళు దాటాక దివాళా తీసింది. జీతాల్లేక మావటీలు వెళ్ళిపోయారు. ఏనుగులను అడవిలో వదిలేశారు. 40 దాకా మాయాబందర్‌కు పడమరగా ఉన్న ఇంటర్‌వ్యూ దీవిలో మిగిలాయి. ఆ దీవి విస్తీర్ణం 130 చదరపు కిలోమీటర్ల చిల్లర, మనుషుల ఊళ్ళు లేవు. 1985లో అభయారణ్యం అన్నారు. గొలుసులు లాగిన ఏనుగులు అక్కడ అడవేనుగులైపోయాయి, పిల్లల్ని కన్నాయి.

ఆ దీవికి వెళ్ళి ఏనుగులు ఏం తింటున్నాయో, వాటి వెనక ఏం మిగులుతోందో చూసినవాళ్ళలో ముఖ్యుడు రవూఫ్ అలీ. పక్షిశాస్త్రవేత్త సలీం అలీకి వరసకు మనవడు. పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, తర్వాత అక్కడికి దగ్గర్లోనే తన సంస్థ పెట్టుకున్నారు, 2016లో కన్నుమూశారు. 2004లో ఆయన ప్రచురించిన పరిశోధన నా దృష్టిలో ఈ దీవుల గురించి రాసిన ముఖ్యమైన కాగితాల్లో ఒకటి. ఏనుగు చెట్టు బెరడు ఒలిచి తింటుంది, మొగలి పొదలను, పేము తీగలను, వెదురును ఊడ్చేస్తుంది. బెరడు పోయిన చెట్టు ఎండి కూలుతుంది, పైన కప్పులో చిల్లు పడుతుంది. మామూలు అడవైతే ఆ చిల్లులోంచి పడ్డ వెలుతురుకు కింద మొలకలు ఎగబడి లేస్తాయి, పదిపదిహేనేళ్ళలో చిల్లు పూడుతుంది. ఇక్కడ మొలక లేచేలోపు జింక వచ్చి కొరికేస్తుంది. ఒకటి పైనుంచి పడగొడుతుంది, మరొకటి కిందనుంచి లేవనివ్వదు. రెండూ కలిసిన చోట అడవి తనను తాను తిరిగి కట్టుకోలేకపోతోందని ఆయన చూపించారు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఆఫ్రికాలో ఉంది. కాంగో పరివాహకంలో స్టీఫెన్ బ్లేక్ బృందం 28 అడవేనుగుల మెడలకు ఉపగ్రహ పట్టీలు కట్టి వాటి కదలికలు గమనించి 2008లో ప్రచురించింది. రక్షిత ప్రాంతాల బయట రోడ్డు దాటిన ఏనుగు ఒకే ఒక్కటి. అదీ మామూలు నడకకు 14 రెట్లు వేగంతో దాటింది. రోడ్డంటే తుపాకీ అని దానికి తెలుసు. అమెజాన్‌లో మనౌస్ పక్కన చేసిన పరిశోధనల్లో నీడలో తిరిగే చిన్న పిట్టలు సన్నని మట్టిరోడ్డును కూడా దాటడానికి జంకాయి. ప్రపంచంలో వానాడవుల మీద జరిగిన పరిశోధనంతా ఎక్కువగా ఇదే అడుగుతుంది. రోడ్డు పడితే ఏం పారిపోయింది, ఏం చచ్చింది? దీవుల్లో అది సగం ప్రశ్న. మిగతా సగం, ఆ దారిన ఏం వచ్చింది అన్నది. అండమాన్‌లో ఆ రెండో సగమే బరువైనది.

ఇక రోడ్డు. అండమాన్ ట్రంక్ రోడ్డు పని 1970 ప్రాంతంలో మొదలై 1980ల చివర్లో పూర్తయింది. దక్షిణాన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన దిగ్లీపూర్ దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకు 1949 నుంచి అడవి కొట్టి ఊళ్ళు ఇచ్చారు. ఆ ఊళ్ళకు ఓడ తప్ప దారి లేదు. తుఫాను పడితే గర్భిణి ఆసుపత్రికి చేరలేదు. నేను ఆ కాలం చూశాను, రోడ్డు అక్కరలేదనే మాట నా నోట రాదు. కానీ రోడ్డును ఎక్కడ వేయాలో నిర్ణయించిన వాళ్ళు 1957లో తామే జరావాలకు కేటాయించిన అడవి నడుమ నుంచి గీత గీశారు. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ దాకా దాదాపు 50 కిలోమీటర్లు వాళ్ళ అడవే.

మా నాన్న ఆ ముక్కలోనే పనిచేశాడు. గుడారాల చుట్టూ బుష్ పోలీసులు కాపలా ఉండేవారు. పొద్దు వాలకముందే పని ఆపి అందరూ ఒకచోట చేరాలి. చిమ్మచీకట్లో ఆకు కదిలినా లేచి కూర్చునేవారు. బాణాలకు మనుషులు పోయారు, పోలీసు తుపాకులకు జరావాలూ పోయారు. నాన్న ఆ రోజుల గురించి అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం తనంతట తాను చెప్పాడు. "బాణం తగిలి పోయినోల్లిద్దరూ నా పక్క గుడారమోల్లే. ఒకడిది మందస. మేం ఆల అడివిలోకి ఎల్లాం గానీ ఆలు మా వూరు రాలేదు కదమ్మా." ఆయన మాటలో కోపం లేదు. కూలికి వచ్చినవాడికి ఆ గీత ఎక్కడ గీయాలో ఎవరూ అడగలేదన్న బాధ ఉంది.

ఈ విషయం వన్యప్రాణుల చరిత్రలో ఎందుకు రాయాలంటే, ఈనాడు అండమాన్‌లో చెయ్యి పడని వానాడవి మిగిలింది ఎక్కువగా జరావాల నేల మీదే. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ పడమటి అడవిలోకి కూపులవాళ్ళు ఇష్టమొచ్చినట్టు దిగలేకపోయారు, బాణం భయం అడ్డుపడింది. 2001 జనగణన లెక్కలో వాళ్ళు 240 మంది. ఆ కొద్దిమంది నూరేళ్ళకు పైగా అడ్డం నిలబడకపోతే ఆ గర్జన్‌లు కూడా ప్లైవుడ్ అయిపోయేవి. అక్కడి అండమాన్ పావురాలకూ, నల్లని వడ్రంగిపిట్టలకూ తొర్రలు, పండ్లు మిగిలాయంటే ముందు వాళ్ళ పేరే చెప్పాలి.

1996లో కదంతలా దగ్గర కాలు విరిగిన ఒక జరావా కుర్రాడిని పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో చేర్చి బాగుచేసి పంపారు. 1997 చివరి నుంచి జరావాలు పగటిపూట రోడ్డు మీదికి రావడం మొదలైంది. 1999లో తట్టు సోకింది. టూరిస్టు బస్సులు ఆగడం, బిస్కెట్లు విసరడం, ఫోటోలు తీయడం మా కళ్ళముందే జరిగాయి. అదే దారిలో రాత్రిపూట పంది వేటగాళ్ళు ఉచ్చులు పట్టుకుని దిగారు. జరావా పిల్లల నోటికి అందాల్సిన పంది, ఉడుము బజారుకు నడిచాయి. పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్ళాయి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు షేఖర్ సింగ్ కమిషన్‌ను వేసింది. ఆయన కొద్ది నెలల్లోనే దీవులన్నీ తిరిగి నివేదిక ఇచ్చారు. 2002 మే 7న తీర్పు వచ్చింది. దీవుల అవసరాలకు తప్ప చెట్టు కొట్టరాదు, కలప మెయిన్‌ల్యాండ్‌కు పంపరాదు, జరావా అడవిలో పోయే రోడ్డు ముక్కలు మూసేయాలి.

కలప మాట నిలబడింది. ప్లైవుడ్ ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. బకుల్తలాలో, బాంబూఫ్లాట్‌లో సైరన్లు ఆగాయి, మా తెలుగు ఇళ్ళలో చాలామందికి పని పోయింది. అప్పుడు మా వీధిలో ఆ తీర్పును తిట్టని ఇల్లు లేదు, వాళ్ళ ఆకలి నిజం. ఫ్యాక్టరీ పెట్టినప్పుడు ఎంతకాలం అడవి దొరుకుతుందో చూసుకోకుండా కూలీలను రప్పించినవాళ్ళు, మూసేటప్పుడు ఆ కూలీలకు వేరే దారి చూపలేదు. రోడ్డు మాట మాత్రం నిలబడలేదు. ఇప్పటికీ జిర్కాటాంగ్ గేటు దగ్గర బండ్లు బారులు తీరతాయి, నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా వదులుతారు. ఆగకూడదు, గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు, ఫోటో తీయకూడదు. టూరిస్టుల కోసం జరావా ఆడవాళ్ళను నాట్యమాడించిన వీడియో 2012లో బయటపడ్డాక దేశమంతా గగ్గోలెత్తింది. తర్వాత రోడ్డు జాతీయ రహదారి అయింది, వెడల్పు పనులు జరిగాయి, హంఫ్రీ జలసంధి మీద వంతెన లేచింది.

వాన పడ్డ రాత్రి ఆ రోడ్డు మీద నడిస్తే ముందు కాలికింద తగిలేవి ఆఫ్రికా నత్తలు. జపాన్ వాళ్ళు ఆక్రమించిన రోజుల్లో తిండికోసం తెచ్చారంటారు. ఇప్పుడు మా పెరట్లో బొప్పాయి మొక్క బతకాలంటే రాత్రి టార్చి పట్టుకుని ఏరాల్సిందే. పొద్దున్నే కరెంటు తీగల మీద గోరువంకలు. అవీ పందొమ్మిదో శతాబ్దంలో దిగినవే. అడవి లోపల నీడలో గోరువంక కనబడదు. రోడ్డు వెంట, ఊరి వెంట, నరికిన చోటి వెంట కనబడుతుంది. తారు ఎంత దూరం పోతే అంత దూరం తన ఊరే అనుకుంటుంది.

అసలు నష్టం ఇంకా కిందుంది, ఆకుల్లో. భారత వన్యప్రాణి సంస్థలో, ఆ తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాలలో పనిచేసిన కార్తికేయన్ వాసుదేవన్, ఆయన శిష్యులు హరికృష్ణన్, నిత్యప్రకాశ్ మొహంతీ ఈ దీవుల బల్లుల మీద, కప్పల మీద కొన్నేళ్ళు పనిచేశారు. జింకలు విపరీతంగా ఉన్న చోట్లు, తక్కువగా ఉన్న చోట్లు, అసలు లేని చోట్లు ఎంచుకుని, అడవి నేల మీద కొలిచిన గళ్ళలో బల్లులను లెక్కపెట్టారు. 2016లో వచ్చిన ఫలితం స్పష్టం. జింక ఎక్కువైన కొద్దీ కింద పొదలు తగ్గాయి, పొదలు తగ్గిన కొద్దీ నేల మీదా, చిన్న మొక్కల మీదా బతికే తొండలూ బల్లులూ తగ్గిపోయాయి. ఈ బల్లుల్లో చాలావాటికి ప్రపంచంలో మరో ఇల్లు లేదు. జింక బల్లిని తినదు, తొక్కదు, దాని వైపు చూడదు కూడా. బల్లి ఎక్కి కూర్చునే ఆకును తింటుంది. ఇంత మెత్తగా జరిగే నష్టాన్ని రోడ్డు మీద చచ్చిపడ్డ జంతువులు లెక్కపెట్టేవాళ్ళు ఎలా పట్టుకోగలరు? పైనుంచి విమానంలో చూస్తే మొత్తం పచ్చగానే ఉంటుంది. ఉపగ్రహం తీసిన బొమ్మలో అడవి తరగలేదు. మా బడి వెనక అడవిలో పిల్లల్ని తీసుకెళ్ళి వంగి చూడమనేదాన్ని. మోకాలి నుంచి నడుము ఎత్తు దాకా కత్తిరించినట్టు ఖాళీ. అటు చివర తెల్లచొక్కా వేసుకున్న పిల్లాడు ఇటు చివరకు కనబడేవాడు. పేము పొదలున్న అడవిలో అలా పదడుగుల అవతల మనిషి కనబడకూడదు.

ఆ వరసలో ఆఖరుగా వచ్చింది బోదురుకప్ప. మన పొలాల్లో వానాకాలం పసుపురంగు తేలి అరిచేదే. 2000 తర్వాత ఇక్కడ చెరువుల్లో చేపల పెంపకం ఊపందుకుంది. మెయిన్‌ల్యాండ్ నుంచి ఆక్సిజన్ నింపిన సంచుల్లో చేపపిల్లలు వస్తాయి, వాటితోపాటు తోకకప్పలు వచ్చాయి. చెరువు నుంచి చెరువుకు, రోడ్డు పక్క గుంతల నుంచి ఊళ్ళోకి పాకాయి. రోడ్డుకు మట్టి తవ్విన గుంతలు మాకు ఇటు దిగ్లీపూర్ దాకా ఉన్నాయి, వానాకాలమంతా నీళ్ళు నిలుస్తాయి. మొహంతీ, జాన్ మీజీ కలిసి చేసిన ప్రయోగం 2019లో అచ్చయింది. బోదురుకప్ప పిల్లలున్న నీళ్ళలో స్థానిక కప్పల పిల్లలు ఒక్కటి కూడా బతకలేదు. పెద్ద కప్పేమో స్థానిక బల్లులను, కప్పలను, పాములను కూడా మింగుతుందని వాటి కడుపుల్లో దొరికిన తిండి చూసి తేల్చారు.

ఆ పేపరు చదివాక నేను మా ఇంటి ముందు గుంత దగ్గర కూర్చున్నాను. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. అడుగున ఆకు మీద సన్నవి, నల్లవి, నువ్వుగింజంత తలలున్న తోకకప్పలు పాచి గీక్కుంటున్నాయి. బోదురుకప్ప పిల్ల వాటికి మూడింతలుంది, బూడిదరంగు, నోటి దగ్గర వెడల్పు. అది వెంటాడలేదు. నిలకడగా నీళ్ళ నడుమ ఉండి, పక్కకు వచ్చినదాన్ని తోకపక్క పట్టుకుంది. పట్టు వదలకుండా రెండుమూడుసార్లు విదిల్చింది. చిన్నదాని తల కాసేపు ఆకు వైపే ఈదుతున్నట్టు ఊగింది. తర్వాత ఊగలేదు. పెద్దది ఇంకోదాని దగ్గరికి జరిగింది. మా గుంతలో అది పుట్టడానికి ఎవరూ గొడ్డలి ఎత్తలేదు, తుపాకి పేల్చలేదు. ఎవరో పేదరైతు నాలుగు రూపాయలకోసం చేపపిల్లల సంచి విప్పాడు, అంతే.

ఇప్పుడు దక్షిణ కొసన గ్రేట్ నికోబార్‌లో ఇంతకు ఎన్నో రెట్ల పని మొదలవుతోంది. ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం. 130 చదరపు కిలోమీటర్ల వానాడవిని దీనికి మళ్ళిస్తున్నారు. కొట్టే చెట్లు దాదాపు 9 లక్షల 64 వేలని 2023లో సర్కారు చెప్పిన లెక్క. ఆ దీవిలోని గలతియా బేను అభయారణ్యం జాబితాలోంచి 2021లో తీసేశారు. అక్కడ తోలుతాబేలు గుడ్లు పెడుతుంది, ఇసుకా ఆకులూ పోగుచేసి దిబ్బలో గుడ్లు పొదిగే నికోబార్ మెగాపోడ్ ఉంటుంది, లోపల షోంపెన్ ఆదివాసులు ఉంటారు. ఆ దీవిలో 1970ల్లో వేసిన 51 కిలోమీటర్ల రోడ్డు ఒకటి ఉంది, 2004 సునామీలో చాలా ముక్క సముద్రం పాలైంది. కొత్త రోడ్లు దానికన్నా వెడల్పు, వాటి మీద నడిచే సరుకు చాలా ఎక్కువ. ఏ చెట్లు కొడతారో, బదులుగా ఎక్కడ నాటుతారో కాగితాల్లో రాశారు. ఆ చెట్ల బదులు హర్యానాలో నాటుతారట. ఆ మాట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. వానాడవికి బదులు ఎడారి అంచున అడవి దొరకదు.

నేను అడుగుతున్నది చిన్న పని. ఓడరేవులో దిగే ప్రతి చేపపిల్లల సంచీ, నర్సరీ మొక్కల వేళ్ళకంటిన మట్టీ, కంకర, ఇసుక, కట్టుకర్రా విప్పి చూసే మనిషి ఒకడు ఉండాలి, వాడికి తెచ్చినదాన్ని వెనక్కి తిప్పి పంపే అధికారం ఉండాలి. న్యూజీలాండ్‌లో అలాంటి మనుషులు ప్రతి రేవులోనూ ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్ పేరు ఇప్పుడు శ్రీ విజయపురం. ఆ పేరు మారిన రేవులోనైనా, రేపు గలతియాలో కట్టబోయే రేవులోనైనా అలాంటి కుర్చీ ఒకటి వేయమని సంబంధిత కార్యాలయాలకు రాశాను. మా పాత విద్యార్థుల్లో జంతుశాస్త్రం చదివి ఊరికే కూర్చున్నవాళ్ళు రంగత్‌లోనే ఉన్నారు, ఆ పని చేయగలరని వాళ్ళ పేర్లు కూడా జతచేశాను.